నేను రాయని పరీక్షలో నాకు అరవై ఎనిమిది

చనిపోయినవాళ్లు తిరిగొచ్చి మనల్ని పలకరించరని పదిహేనేళ్లుగా ఆదివారపు బడి పిల్లలకు చెబుతున్నదాన్ని నేను. దయ్యం పట్టిందని మా సంఘానికి ఎవరినైనా తీసుకొస్తే, పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టేలోపు నేను బీపీ చూస్తాను. చాలామందికి రక్తం తక్కువ, కొందరికి నిద్ర తక్కువ. కంటికి కనిపించనివి ఉన్నాయని నమ్ముతాను, దేవుణ్ణి నమ్మినదాన్ని కనుక. కానీ జనం చెప్పుకునే వింతలను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నేనే ఒకటి చెప్పవలసి రావడం నాకు విసుగ్గా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

భద్రాచలం వైపు అడవి మొదలయ్యేచోట ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుని. డిప్లొమాతో చేరాను. ప్రమోషన్ రావాలంటే డిగ్రీ ఉండాలన్నారు. అందుకని ఉద్యోగం చేస్తూ చదివే నర్సింగ్ డిగ్రీలో చేరాను. క్లాసులు శని, ఆదివారాల్లో ఖమ్మంలో. పోను మూడు గంటలు, రాను మూడు గంటలు.

ఆదివారం ఆరాధనకు రావడం లేదని పాస్టరుగారికి కోపం. శనివారం డ్యూటీలు మార్చమంటున్నానని తోటి సిస్టర్లకు కోపం. రాత్రి వంట లేదని మా ఆయనకు కోపం. నా కోపం ఎవరి మీద చూపించాలో తెలియక బస్సులో నోట్సు చదువుకునేదాన్ని.

అన్ని పేపర్లూ అయిపోయి ఒక్క ప్రసూతి నర్సింగ్ మిగిలింది. ఇరవై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న నేను ఆ పేపర్లోనే మూడు మార్కులతో తప్పాను. రిజిస్ట్రేషన్ గడువు ఆ ఏడాదితో ఆఖరు. ఈసారి పోతే ఇన్నేళ్ల చదువూ పోయినట్టే, మళ్లీ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి.

పరీక్ష శనివారం పది నుంచి ఒంటిగంట దాకా. వానాకాలం. ఆ రోజుకు లీవు పెట్టుకున్నాను. ఉదయం ఆరు గంటలకు హాల్ టికెట్ సంచిలో పెట్టుకుని బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్ మోగింది. వాగు అవతల అడవిలో పన్నెండు ఇళ్ల గుంపు ఒకటి ఉంది. అక్కడి ఆశా వర్కర్ జోగమ్మ చేసింది.

"సిస్టరమ్మా, జల్దీ రావాలె. పిల్లకు ఉమ్మనీరు పోయింది. అంబులెన్సు వాగు ఒడ్డున్నే ఆగింది."

"ఇయ్యాల నాకు పరీక్ష జోగమ్మా. మీ ఏఎన్ఎంకి ఫోన్ చెయ్యి."

"ఆమె ట్రైనింగ్ పోయింది. డాక్టర్ సారు ఎత్తుతలేడు. తొలికాన్పమ్మా, నాకు భయమైతంది."

ఇంతలో బస్సు వచ్చింది. నేను తలుపు కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. "ఎక్కుతవా లేదా అమ్మా, నీ ఫోటో దియ్యాల్నా?" అన్నాడు కండక్టర్. నేను కమ్మీ వదిలేశాను. దేవుణ్ణి స్తుతిస్తూ వదిలానని చెప్పను. సణుక్కుంటూనే వదిలాను.

ఆరోగ్య కేంద్రానికి వెళ్లి డెలివరీ కిట్టు తీసుకుని, ఊళ్లో ఒకరి ట్రాక్టరు ఎక్కి వాగులోకి దిగాను. మధ్యలో ట్రాలీలోకి నీళ్లు వచ్చాయి. చీర మోకాళ్ల దాకా తడిసింది. కిట్టు జారి నీళ్లలో పడింది. పట్టుకుని తీసేసరికి అందులో బొడ్డుకు వేసే క్లాంపుల కవరు లేదు.

నొప్పులు పడుతున్న అమ్మాయికి తెలుగు తక్కువ, కోయ మాట్లాడుతుంది. నేను చెప్పింది జోగమ్మ ఆమెకు, ఆమె చెప్పింది నాకు చెబుతూ ఉంది. క్లాంపులు లేవు కనుక జోగమ్మ కొత్త చీర అంచు నుంచి ఎర్ర దారం లాగించి, నీళ్లలో మరగబెట్టించి ముందే సిద్ధంగా పెట్టుకున్నాను. పదకొండు ఇరవైకి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. మెడకు పేగు రెండు చుట్లు చుట్టుకుని ఉంది. ఏడవలేదు. నోరు శుభ్రం చేసి, వీపు రుద్ది, గాలి ఊదే సంచితో ఊపిరి అందిస్తే నిమిషం దాటాక ఏడ్చింది. ఆ ఎర్ర దారంతోనే బొడ్డు కట్టాను. తర్వాత తల్లికి రక్తస్రావం తగ్గేసరికి పన్నెండున్నర. మంచం మీద మోసుకొచ్చి వాగు దాటించి అంబులెన్సు ఎక్కించేసరికి ఒంటిగంట నలభై.

తల్లీబిడ్డా క్షేమం. నేను వాగు ఒడ్డున రాయి మీద కూర్చుని ఏడ్చాను. "ఏంది సిస్టరమ్మా, పిల్ల మంచిగనే ఉంది గద!" అంది జోగమ్మ. ఆమెకు ఏమని చెప్పను!

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. సోమవారం రిజిస్టరు రాసేటప్పుడు డాక్టరుగారు, ఇంటి దగ్గర కాన్పు అని రాస్తే పై నుంచి ఫోన్లు వస్తాయన్నారు. పైగా నేను ఆ రోజు లీవులో ఉన్నాను. కిట్టు ఎలా పాడైందని మరో ప్రశ్న. అంబులెన్సులో ఒంటిగంట నలభైకి కాన్పు అయిందని, క్లాంప్ వేశారని రాస్తే ఎవరికీ గొడవ ఉండదన్నారు. నా చేత్తో నేనే అలా రాశాను. తల్లీబిడ్డా బాగున్నారు కదా, ఇందులో పాపమేముంది అనుకున్నాను.

రెండు నెలలకు ఫలితాలు వచ్చాయి. నేను చూడలేదు, చూడడానికి ఏముంది? మధిర దగ్గర పనిచేసే విజయ, నా క్లాస్‌మేటు, ఫోన్ చేసింది.

"అక్కా, పాసయ్యావ్! అరవై ఎనిమిది!"

"నేను పరీక్షకే రాలేదు విజయా."

"పొద్దున్నే వేళాకోళమా? నా ముందు బెంచీలోనే కూర్చున్నావ్ గదక్కా. చీర మోకాళ్ల దాకా తడిసి ఉంటే ఏమైందని అడిగితే పలకలేదు, పెద్ద చదువరిలాగా. నా పెన్ను తీసుకుని ఇవ్వకుండానే పోయావ్. అది ముందు ఇవ్వు."

నవ్వుతుందేమోనని ఆగాను. ఆమె నవ్వలేదు.

వెబ్‌సైట్లో చూశాను. నా నంబరు, నా పేరు, పాస్. మా ఆయన మిఠాయి తెచ్చాడు. నేను ముట్టలేదు. రాయని పరీక్షకు మార్కులు తీసుకుంటే అది దొంగతనమే. వేరే పేరు పెట్టినా దొంగతనమే. మరుసటి శనివారం ఖమ్మం వెళ్లి స్టడీ సెంటరులో గుమాస్తాకు విషయం చెప్పాను. ఆయన కంప్యూటరు నుంచి తల తిప్పలేదు.

"ఫెయిలైనోళ్లు పాస్ చెయ్యమని వస్తరు. మీరు గిదేందమ్మా?"

"నేను ఆ రోజు రాలేదు సార్. తప్పు సరిచేయండి."

హాజరు పట్టీ తీసి నా ముందు పెట్టాడు. నా ఫోటో. పక్కన నా సంతకం. నేను తడిసిన నా హాల్ టికెట్ చూపించాను. దాని మీద పర్యవేక్షకుల సంతకం లేదు. "డౌన్‌లోడ్ చేస్తే గిసుంటియి వంద వస్తయి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "వేరేటోళ్లు రాసిన్రంటే మీ మీదనే కేసైతది. నౌకరి పోతది. కావాల్నంటే జవాబు పత్రం కాపీకి అప్లై చేసుకోండి, మీ రాత మీరే చూసుకోండి," అన్నాడు.

మళ్లీ పరీక్ష పెట్టమని అడిగాను. పాసైనవారికి మళ్లీ పరీక్ష ఉండదట. తప్పినవారికి, రానివారికి దారులున్నాయి. రాకుండా పాసైనవారికి లేదు. ఉత్తరం రాసి రిజిస్టర్ పోస్టులో పంపాను. పునర్మూల్యాంకనం గడువు దాటినందున నా అభ్యర్థన తిరస్కరించామని జవాబు వచ్చింది. నేను అడిగింది ఒకటి, వాళ్లు తిరస్కరించింది ఇంకొకటి.

"పాసైనవ్, ఊకో," అన్నాడు మా ఆయన. "నన్ను ఫెయిల్ చెయ్యున్రి అని తిరిగెటోళ్లను నిన్నొక్కదాన్నే చూసిన."

గుమాస్తా చెప్పినట్టు అప్లై చేస్తే, నెల రోజులకు జవాబు పత్రం కాపీ వచ్చింది. చేతిరాత నాది. వాక్యం చివర చుక్క మరిచిపోయే అలవాటు కూడా నాదే. ఐదో ప్రశ్న, మీరు స్వయంగా చేసిన కష్టమైన కాన్పును వివరించండి అని. దానికి ఇంగ్లీషులో నాలుగు పేజీల జవాబు ఉంది.

వాగు, ట్రాక్టరు, తొలికాన్పు. పదకొండు ఇరవై. మెడ చుట్టూ రెండు చుట్లు. ఆశా వర్కర్ చీర అంచు నుంచి తీసిన ఎర్ర దారం, మరగబెట్టి కట్టినది. పన్నెండున్నరకు రక్తస్రావం తగ్గింది.

పరీక్ష జరిగేవేళకు ఆ దారం సంగతి నాకు, జోగమ్మకు, ఆ ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. జోగమ్మకు ఇంగ్లీషు రాదు, ఆ పూటంతా ఆమె నా పక్కనే ఉంది. ఆ పేపరు ఒంటిగంటకు మిగతా వాటితో పాటు కట్టి సీలు వేశారు. ఒంటిగంటకు మేమింకా వాగుకు అవతలే ఉన్నాం.

పాస్టరుగారికి చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా. నువ్వు వాగు దాటి పోతే నీ జాగలో దేవుడు దూతను కూర్చోబెట్టిండు."

"దూత రాస్తే అరవై ఎనిమిదేనా అయ్యగారూ?"

పక్కనే ఉన్న ఆయన భార్య, పాస్టరమ్మ, నవ్వింది. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వడానికి అనలేదు. నాకు తెలిసిన లేఖనాల్లో దేవుని దూత ఎవరూ ఇంకొకరి పేరుతో సంతకం పెట్టలేదు. పోనీ అపవాది, ఆ సాతాను పని అనుకుందామంటే, వాడు అబద్ధికుడు. ఆ కాగితంలో నా సంతకం తప్పితే వెతికినా అబద్ధం దొరకలేదు. ఆ కాన్పు గురించి అబద్ధం రాసి ఉన్నది ఒక్కచోటే, మా రిజిస్టరులో. రాసింది నేను.

వారం రోజులు అన్నం సహించలేదు. మోకరిస్తే ప్రార్థన రాలేదు, ఆ పేజీయే కళ్ల ముందుకు వచ్చేది. చివరికి డాక్టరుగారి ఎదుటే రిజిస్టరు తెరిచి, పాత వాక్యం మీద గీత గీసి, కాన్పు గుంపులో జరిగిందని, చేసింది నేనని, పదకొండు ఇరవై అని, దారంతో కట్టానని రాసి సంతకం పెట్టాను.

"లీవుల ఉన్న మనిషివి, నిన్నెవరడిగిండ్రమ్మా గివన్ని?" అని తల పట్టుకున్నారాయన.

ఆ నెలలోనే జిల్లా ఆఫీసువాళ్లు ప్రమోషన్ల కోసం సర్టిఫికెట్లు అడిగారు. దాచుకుంటే నా ఇన్నేళ్ల కష్టం మట్టిపాలు. ఊరికే పంపితే నా మనస్సాక్షి ఊరుకోదు. డిగ్రీ సర్టిఫికెట్టుతో పాటు జవాబు పత్రం కాపీ, దిద్దిన రిజిస్టరు పేజీ కాపీ కలిపి పంపాను. చూసి వాళ్లే తేల్చుకోనీ అనుకున్నాను.

వాళ్లు తేల్చలేదు. మెమో పంపారు. ఒకే రోజు ఒకే సమయంలో రెండు చోట్ల ఎలా ఉన్నారో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని, లేకుంటే క్రమశిక్షణ చర్య తీసుకుంటామని అందులో ఉంది. ఈ ప్రశ్న నేను ఇన్నాళ్లుగా అందరినీ అడుగుతూనే ఉన్నాను. చివరికి అది తిరిగి నా బల్ల మీదికే వచ్చింది.

మూడో రోజు జవాబు రాశాను. ఆ రోజు ఉదయం నేను గుంపులో ఉన్నాను, పరీక్ష హాలులో ఎవరు కూర్చున్నారో నాకు తెలియదు, కానీ ఆ కాన్పు గురించి వాళ్లు రాసిందంతా నిజం అని మూడే వాక్యాలు రాశాను.

డాక్టరుగారు చదివి, "గిట్ల రాస్తరా ఎవరన్న? తెలియదు అని రాస్తే ఒప్పుకుంటరా?" అన్నారు.

"తెలిస్తే రాయనా సార్?" అన్నాను.

ఆయన ఇంకొకసారి చదివి, ముద్ర వేసి పైకి పంపారు. ప్రమోషన్ల జాబితా ఇంకా రాలేదు. నేను ఆ మూడు వాక్యాలకు ఒక్క మాట కూడా కలపలేకపోయాను, ఈ రోజుకీ కలపలేను.