ప్లాస్టర్ చుట్టిన మూడు సీసాలు

తెనాలి ప్రార్థన సంఘంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ అందరికీ వందనాలు. బాపట్ల వదినగారి మోకాలు ఎలా ఉంది? చెరుకుపల్లి తమ్ముడికి దగ్గు తగ్గిందా? రేపల్లెలో పిల్లలకు జ్వరాలన్నారు, నీళ్లు కాచి తాగిస్తున్నారా? ఇంతమందిని అడుగుతున్నానంటే నా మనసు కుదురుగా లేకే. మా మేడ మీద అద్దెకుండే ల్యాబు మేడమ్‌గారు పోయిన శనివారం బాపట్ల ఆసుపత్రిలో కన్నుమూశారు.

ఆవిడ కాలేజీ ల్యాబులో జీవకణాలు పెంచేవారు. కణాలంటే ఏమిటో నాకిప్పటికీ సరిగా తెలియదు. దూడ రక్తం గడ్డకట్టాక పైన తేరే పచ్చటి నీరు, సీరమట, అది కలిపి పోస్తేనే పెరుగుతాయట. ఇంట్లోనూ మోచేతుల దాకా కడిగిందే కడిగేవారు. నీళ్లు దండగమ్మా అంటే, “ఒక్క క్రిమి చాలు పిన్నిగారూ, అన్నీ పోతాయి” అనేవారు. నా నిద్ర చెడుతుందని చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కే మనిషి.

ఒక సెలవు రోజున సీరం పార్సిల్ ఇంటికే వచ్చింది. మూడు నమూనాలు. పరీక్షించి, నెగ్గినదాన్నే ఏడాదికి సరిపడా తెప్పించుకోవాలట.

“రెండు పుట్టని దూడవి, ఒకటి పుట్టిన దూడది” అన్నారు.

“పుట్టనిదా?”

“కబేళాలో కోసిన చూలావు కడుపులోదండి.”

“పాపం కాదా అమ్మా?”

“అందుకే మూడోది తెప్పించానండి. అది చాలితే ఇక పుట్టని దూడ జోలికెళ్లను. కానీ ఏది ఏదో తెలిస్తే నా కన్ను దాన్నే మెచ్చుకుంటుంది. పేర్లు మీరు కప్పెయ్యండి.”

“నాకు ఇంగ్లీషు రాదుగా!”

“అందుకేగా మిమ్మల్ని అడుగుతోంది.”

అన్నం మెతుకులతో కాగితాలు అతికించాను. మంచులా గడ్డకట్టిన సీసాలు చెమర్చి అన్నీ జారిపోయాయి. అటు తిరిగి నిలబడ్డావిడ సంగతి విని, “కణాల కంటే ముందు సీసాలకు అన్నం పెట్టేశారా!” అని పడీపడీ నవ్వారు. చివరికి దెబ్బలకు వేసే ప్లాస్టర్ చుట్టి, ఒక్కోదాని మీద ఒక్కో గుర్తుగా చేప, ఆకు, సున్నా గీశాను.

వాటిని ల్యాబులో పరీక్షకు పెట్టిన కొద్ది రోజులకే ఆవిడకు గుండెపోటు. చూడ్డానికి ఆసుపత్రికి వెళితే ఆవిడది ఒకటే మాట: “కణాల లెక్క తేలేదాకా విప్పనివ్వకండి. విప్పేది మీరే.”

నిన్న ఆవిడ శిష్యురాలు ఫోన్ చేసింది. “ఆకు వెనకబడింది అమ్మమ్మా. చేప, సున్నా పోటీగా ఉన్నాయి. ల్యాబు పెద్దసారేమో ఇప్పుడే విప్పి ఆర్డరు పెట్టెయ్యమంటున్నారు. మేడమ్ ఒప్పుకోరని ఆపాను.”

వెనకబడిన ఆకే పుట్టిన దూడదైతే? ఏది ఏదో నాకూ తెలియదు. ఆ దూడ సీసా నెగ్గేలా చూడమని ప్రార్థనకు మోకరించాను. కోరిక అడ్డం రాకూడదనే కదా ఆవిడ అటు తిరిగి నిలబడ్డారు, మరి నేను కోరుకోవచ్చా? ఏమని అడగాలో తెలియక, ఏమీ అడగకుండానే ఆమెన్ అని లేచాను.

లెక్క బుధవారానికి తేలుతుందట. పద్దెనిమిదో తారీఖు, గురువారం పొద్దున్నే ప్లాస్టర్ విప్పడానికి ల్యాబుకు వస్తానని ఆ పిల్లకు మాటిచ్చాను.