చింతపండుతో తోమిన నక్షత్రం

నాకు పదహారేళ్లప్పుడు మా మావని నేనే చంపేశాననుకున్నాను. ఆయన మొహమైనా నేనెరగను.

మా అత్తవారిది వజ్రపుకొత్తూరు పక్క ఊరు. ఏభైల్లో నేను కొత్త కోడలిగా అడుగుపెట్టేసరికి మావ బర్మా యుద్ధంలో కనబడకుండా పోయి పన్నెండేళ్లు కావస్తోంది. కనబడటం లేదని కాగితం వచ్చింది గానీ, పోయాడని మాత్రం రాలేదు. యుద్ధం అయ్యాక టపాలో ఒక పతకం వచ్చింది. ఆరు కోణాల కంచు నక్షత్రం, వెనకవైపు సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన పేరు. అత్త దాన్ని దేవుడి పీటమీద పెట్టి శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టేది. మొగుడి పేరు నోటితో పలకని మనిషి. ఇంట్లో ఆ పేరున్న చోటు అదొక్కటే.

ఒక గురువారం "పూజ సామాను తోమవే పిల్లా" అంది అత్త. నాకా, పనంటే పంతం. కొత్త కోడలికి చేతకాదని ఎవరైనా అంటే తల కొట్టేసినట్టుండేది. చింతపండు, ఇటికపొడి వేసి, కుందులతో పాటు నక్షత్రాన్ని కూడా పరపరా రుద్దేశాను. కడిగి తిప్పి చూద్దును కదా, అక్షరాలు సగం అరిగిపోయాయి. ఓలమ్మో! వెనకవైపు కనబడకుండా పీటమీద పెట్టేసి ఊరుకున్నాను.

ఆరోజు నుంచి అన్నం సయించలేదు. గాలికి తలుపు కొట్టుకున్నా, ఆయనే గుమ్మంలో నిలబడి "నా పేరేదే?" అని అడుగుతాడనిపించేది.

నాలుగు రోజులు గడవలేదు, మావకి అన్న, మా పెదమావ, పురోహితుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "పన్నెండేళ్లు నిండిపోనాయి. ఇంకెన్నాళ్లు సూత్తాం? అమాసనాడు మోదుగాకులతో బొమ్మ సేసి దహనం సేసేద్దాం. ఆడి పేరున్న బిళ్ల గుండె మీద పెడితే సరి" అన్నాడు. పెదనాన్న మాటకి మా ఆయన ఎదురు చెప్పే మనిషి కాదు. ఆ దహనం అయిందంటే అత్త బొట్టు చెరిపేస్తారు, గాజులు పగలగొట్టేస్తారు. అత్త చెయ్యి బొట్టు మీదికి వెళ్లింది. నేను పేరు తోమేసినందుకే ఆయనకి చావు వచ్చిందనుకున్నాను.

అమాసకి ముందురోజు పొద్దున్నే, ఇంక ఆగలేక ఆవిడ కాళ్లమీద పడ్డాను. "అత్తా, మావ పేరు తోమీసినాను!"

నక్షత్రాన్ని తెచ్చి తిప్పి చూసింది. ఆవిడకి చదువు రాదు. "బడి మేస్టారు దీన్ని సదవగలడేటి?" అంది.

"కట్టపడితే సదవగలడు" అన్నాను ఏడుస్తూ.

"అలాగా. ఎల్లి ఆవుకి గడ్డెయ్యి."

తిట్టలేదు, కొట్టలేదు. దాంతో నా భయం ఇంకా పెరిగిపోయింది.

మర్నాడు వాకిట్లో మోదుగాకుల బొమ్మ పడుకోబెట్టారు. చేతులూ కాళ్లూ పెట్టి అచ్చం మనిషిలాగే చేశారు. నేను అటు చూడలేకపోయాను. పురోహితుడు నక్షత్రాన్ని మేస్టారి చేతికిచ్చి పేరు చదవమన్నాడు. మేస్టారు ఎండకి పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఒక్కక్షరం లేదండీ. నున్నగా ఉంది" అన్నాడు.

సగం పేరు నా కళ్లతో నేను చూశానే!

పురోహితుడు దర్భలు కింద పెట్టేశాడు. "పేరు తనంతట తనే చెరిగిపోయిందంటే నన్ను కాల్చొద్దని ఆ మనిషి చెబుతున్నట్టే. బతికున్నవాడికి దహనం చేస్తే ఆ పాపం నా పిల్లలకి కొడుతుంది. నేను చెయ్యను."

"ఎవలు సెరిపీసినార్రా?" అంటూ పెదమావ నావైపే చూశాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోగా అత్త నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. "దేవుడి పీటమీది వస్తువు బావా, ఎవలు ముడతారు?"

ఆ మధ్యాహ్నం పచ్చడి నూరదామని సన్నికల్లు దగ్గర కూర్చున్నాను. రాతిమీద పచ్చగా కంచుపొడి మెరుస్తోంది. తిరిగి చూస్తే అత్త వాకిట్లో మోదుగాకులు ఊడుస్తోంది. చీపురు పట్టుకున్న వేళ్ల కొసల్లో చర్మం లేచిపోయి ఉంది.

"రాయి కడిగి నూరు" అంది, అంతే.

మావ రాలేదు. అత్త బొట్టుతోనే పోయింది.

చాలా ఏళ్లకి, మా ఇల్లు కూలగొట్టేటప్పుడు, నక్షత్రాన్ని మ్యూజియంకి ఇచ్చేశాను. అద్దాల పెట్టెలో దాని పక్కన పెట్టే చీటీ కోసం అక్కడి కుర్రాఫీసరు వివరాలు రాసుకుంటూ "పేరేంటమ్మా?" అన్నాడు. కోడలు మావ పేరు పలక్కూడదు కాబట్టి తెలీదన్నాను.

"ఎప్పుడు పోయారు?" అన్నాడు.

కలం కాగితం మీద ఆగి ఉంది. వాకిట్లో పడుకోబెట్టిన మోదుగాకుల బొమ్మే మళ్లీ కళ్లముందు కనబడింది. గబుక్కున అతని చెయ్యి పట్టేసుకున్నాను.

"పోయినాడని ఎవలూ సెప్పనేదు బాబూ. రాయకు."