నిచ్చెనకు కట్టిన ఎర్ర తువ్వాల

దెయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే, ఎక్కడ నిలబడి చూశారు, అప్పుడు వెలుతురు ఎంత ఉంది అని అడిగే రకం నేను. ఫ్యాక్టరీలో ప్రమాదం జరిగినా ఇవే అడుగుతాను. ఉద్యోగం నేర్పిన అలవాటు. మా అత్తగారు దిష్టి తీస్తానంటే కూడా వద్దనేదాన్ని. అలాంటి నేను ఇది రాయడానికి కూర్చున్నానంటే, ఎవరికైనా చెప్పుకోకపోతే మనసు కుదుటపడేలా లేదు కాబట్టే.

నాచారంలో ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్‌ని. బయటి నుంచి కాంట్రాక్టు పనికి వచ్చేవాళ్ళను చూసుకోవడం నా పని. వెల్డర్‌నని వచ్చినవాడికి నిజంగా వెల్డింగ్ వచ్చా, పైకెక్కేవాడికి శిక్షణ ఉందా, డాక్టరు సరే అన్నాడా, అన్నీ చూసి నేను సంతకం పెడితేనే గేటు దగ్గర పాసు ఇస్తారు. తేడా కనిపిస్తే పని ఆపేస్తానని నాకు ‘బంద్ మేడం’ అని పేరు పెట్టారు. మేనేజరు ఒప్పుకున్నా నేను ఒప్పుకోనని కాంట్రాక్టర్ నర్సింగ్ నా ముందే ‘దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడు’ అని దెప్పేవాడు. నేను నవ్వేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ పేరు విని లోలోపల గర్వపడేదాన్ని కూడా.

వానలు మొదలయ్యేసరికి మా పాత షెడ్డు కప్పు కారడం మొదలైంది. రేకులు మార్చడానికి నర్సింగ్ తన మనుషులను తెచ్చాడు. సిమెంటు రేకులు చూడ్డానికి గట్టిగా ఉంటాయి గానీ మనిషి కాలు పడితే ఎక్కడ పగులుతాయో చెప్పలేం. వెలుతురు కోసం మధ్యమధ్య వేసే ఫైబర్ రేకులైతే మరీ మోసం. అందుకే మా దగ్గర కప్పు మీద చెక్క పలకలు పరిచి వాటి మీదే నడవాలి. నడుముకు బెల్టు, కింద వల తప్పనిసరి. పైకెక్కే ప్రతి మనిషికీ ముందు బీపీ చూడాలి.

ఆ గుంపులో ఎల్లయ్య అందరికంటే పెద్దవాడు. జనగామ వైపు నుంచి ఎప్పుడో వచ్చి నాగారంలో అద్దెకుంటున్నాడు. అంతకుముందు కూడా మా దగ్గర పని చేశాడు. అతనికి ఒక అలవాటు ఉండేది. కప్పు ఎక్కే ముందు తన ఎర్ర తువ్వాలను నిచ్చెన కింది మెట్టుకు రెండు ముళ్ళు వేసి, కొస లోపలికి దోపి కట్టేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

“కింద తువ్వాల ఉంటే పైన మనిషి ఉన్నట్టు మేడం. ఎవ్వరు నిచ్చెన గుంజుకపోరు” అన్నాడు.

మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం నచ్చింది. అందరూ అలాగే చేయాలని చెప్పాను. ఎవరూ చేయలేదు.

ఈసారి ఎల్లయ్యకు బీపీ ఎక్కువ వచ్చింది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసినా తగ్గలేదు. పాసు ఇవ్వనన్నాను.

“మా ఇంట్ల అందరికి గింతే ఉంటది మేడం. జర సూడున్రి. ఈడ నాకు కొత్తనా?” అన్నాడు.

మాత్రలు వాడి వచ్చే వారం రమ్మన్నాను.

“వారం దాంక ఏం జెయ్యాలె మేడం?”

నేను అప్పటికే వెనకాల ఉన్న మనిషి కాగితాలు చూస్తున్నాను. తల కూడా ఎత్తకుండా “రెస్ట్ తీసుకో” అన్నాను. ఏ రోజు కూలి ఆ రోజు తినే మనిషితో అన్న మాట అది. “గట్లనే మేడం” అని నవ్వి వెళ్ళిపోయాడు. అతని చోట అతని బామ్మర్ది శేఖర్ పైకెక్కాడు. శేఖర్‌కు బీపీ సరిగ్గా ఉంది.

మర్నాడే ఎల్లయ్య ఉప్పల్ దగ్గర ఒక గోదాము కప్పు ఎక్కాడు. అక్కడ పాసు అడిగేవాళ్ళు లేరు. పలకలు లేవు, బెల్టు లేదు, వల లేదు. ఫైబర్ రేకు మీద కాలు పడి నేరుగా కింది గచ్చు మీద పడ్డాడు. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది. కళ్ళు తిరగలేదట, తూలలేదట. పక్కనున్నవాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాడట. బీపీతో దానికి ఏ సంబంధమూ లేదు. నేను పాసు ఇచ్చి ఉంటే ఆ రోజు మా కప్పు మీద, మా వల పైన పని చేసుకుంటూ ఉండేవాడు.

నేను రూలు తప్పలేదు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా మా మేనేజరు, “మంచి పని చేశావమ్మా, ఆ రోజు ఆపకపోతే మన మెడకు చుట్టుకునేది” అన్నారు. ఆ మాట వినగానే నేను హమ్మయ్య అనుకున్నాను. ఒక మనిషి చచ్చిపోయాడని విని హమ్మయ్య అనుకున్నాను. నేను ఇప్పటికీ సిగ్గుపడేది దానికే.

దినాలు అయ్యాక శేఖర్ మళ్ళీ పనికి వచ్చాడు. అతన్ని పైకి పంపడానికి నాకు మనసు రాలేదు. ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను.

“ఈడ కింద వలన్న ఉంటది మేడం” అన్నాడు. “మీరు వద్దంటే నేను గూడ గసువంటి కాడికే పోవాలె.”

సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి నా పనులన్నీ మానుకుని ఆ షెడ్డు చుట్టూనే తిరిగాను. ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా శేఖర్ ఇప్పుడు ఏ రేకు మీద ఉన్నాడో అన్న ఆలోచనే. ఆ ఇంట్లో ఇంకో మనిషి పడిపోతే నేను తట్టుకోలేను.

అసలు సంగతి జరిగింది పట్టపగలు, అన్నాల వేళ. పొద్దున ఒక జల్లు పడి, ఆ తర్వాత మంచి ఎండ కాసింది. పనివాళ్ళందరూ దిగి షెడ్డు బయట గోడ నీడలో టిఫిన్ డబ్బాలు విప్పుకున్నారు. శేఖర్ కూడా వాళ్ళతోనే ఉన్నాడు. నేను నా కళ్ళతో చూశాను. స్టోరులో పనిచేసే యాదగిరి వచ్చి, ఇంకోచోట కావాలని నిచ్చెన తీయబోయాడు. కింది మెట్టుకు ఎర్ర తువ్వాల కట్టి ఉంది.

“ఆగు, పైన మనిషి ఉన్నాడు” అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోటికి వచ్చేసింది.

“అందరు దిగిన్రు గద మేడం” అన్నాడు యాదగిరి.

అప్పుడు షెడ్డు లోపలి నుంచి చప్పుడు వినిపించింది. కప్పు మీద ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టు. లోపలికి పరుగెత్తాను. చప్పుడు నా తల మీదుగా వెళ్ళి ఒక చోట ఆగిపోయింది. అక్కడ ఫైబర్ రేకు ఉంది. ఎండ పడి ఆ రేకు తెల్లగా వెలుగుతోంది. దాని మీద రెండు పాదాల నీడ. పక్కపక్కనే, మడమలు కూడా స్పష్టంగా. మనిషి బరువు ఆగని రేకు మీద ఎవరో కదలకుండా నిలబడి ఉన్నారు.

“ఎవరది? పలక మీదికి జరుగు!” అని గొంతు చించుకుని అరిచాను. నీడ కదల్లేదు.

నా అరుపు విని నర్సింగ్, శేఖర్, మిగతావాళ్ళందరూ ఎంగిలి చేతులతోనే లోపలికి వచ్చారు. నేను అందరి మొహాలూ చూసుకున్నాను. ఒక్కరూ తక్కువ లేరు. మళ్ళీ పైకి చూస్తే రేకు మీద వెలుతురు తప్ప ఏమీ లేదు.

“ఏంది మేడం, ఏమైంది?” అన్నాడు నర్సింగ్. నేను చెయ్యి పైకెత్తి చూపించాను. అప్పుడు అందరికీ కనిపించింది. సరిగ్గా ఆ రేకు కింద వల ఒక వైపు ఊడిపోయి వేలాడుతోంది. పొద్దున నేను చూసినప్పుడు బిగించే ఉంది. తడికి తాడు ముడి జారిందేమో, తెలియదు. అన్నాలు తిన్నాక శేఖర్ ఎక్కి విప్పాల్సింది ఆ రేకునే.

బెల్టు కట్టుకుని నేనే పైకి ఎక్కాను. కప్పు మీద ఎవరూ లేరు. దిగడానికి ఇంకో దారి లేదు. ఆ నిచ్చెన దగ్గరి నుంచి యాదగిరి కదల్లేదు. పొద్దుటి వానకు రేకుల మీద పాచి నానిపోయి ఉంది. కాలు పెడితే ముద్ర పడాలి. ఆ ఫైబర్ రేకు చుట్టూ ఒక్క ముద్ర కూడా లేదు.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఎండకు వేడెక్కితే రేకులు చిటపటమంటాయి, నిజమే. కానీ ఆ చప్పుడు ఒక చివర మొదలై అడుగులు వేసినట్టు నడిచి వచ్చి ఒక చోట ఆగదు. ఏ గద్దో వాలి నీడ పడిందనుకుందామంటే గద్దకు మడమలుండవు. నిద్ర చాలక, ఎల్లయ్య గురించే ఆలోచిస్తూ ఉండబట్టి నా కళ్ళే భ్రమపడ్డాయని కూడా అనుకున్నాను. మరి తువ్వాల? దాన్ని యాదగిరి చూశాడు, నర్సింగ్ చూశాడు. అలాంటి తువ్వాలలు ఉప్పల్ రోడ్డు మీద ఏ బండి దగ్గరైనా దొరుకుతాయి. కానీ కట్టింది మేము కాదని అందరూ ఒట్టేశారు.

నేను దిగేసరికి శేఖర్ నిచ్చెన దగ్గర గొంతుక్కూర్చుని ఆ ముడినే చూస్తున్నాడు. రెండు ముళ్ళు వేసి కొస లోపలికి దోపి ఉంది. అతను దాన్ని ముట్టుకోలేదు. తలెత్తి నన్ను అడిగాడు.

“బావను లోపలికి రానిచ్చిన్రా మేడం?”

నాకు ఏడుపు ఆగలేదు. అందరి ముందే ఏడ్చాను. నర్సింగ్ మనుషులను వెంటబెట్టుకుని వల కట్టించడానికి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దాకా నిచ్చెన తీయమని ఎవరూ అడగలేదు. మర్నాడు వచ్చేసరికి తువ్వాల లేదు. ఎవరు విప్పారని నేను అడగలేదు.

రేకుల పని ఎవరికీ గీత కూడా పడకుండా పూర్తయింది. ఇప్పుడు కూడా పరీక్షలో తప్పినవాళ్ళను వెనక్కి పంపుతూనే ఉన్నాను. పంపక తప్పదు. కానీ తల ఎత్తి మొహం చూస్తున్నాను. ఇప్పుడు ఎక్కడికి పోతావు అని అడుగుతున్నాను. కింద చేసే పని ఏదైనా ఉంటే ఇప్పించమని నర్సింగ్‌ను బతిమాలుతున్నాను. కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు. దొరకనివాళ్ళు గేటు దాటి ఉప్పల్ వైపు నడిచి వెళుతుంటే కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడతాను.

ఆ రోజు నేను చూసింది ఏమిటో చెప్పలేను. ఎల్లయ్యను గేటు దగ్గర ఆపింది మాత్రం నేనే. లోపలికి ఎవరు రానిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.