మత్తు డాక్టరమ్మ ఆపిన సూది

అనంతపురంలో మత్తు డాక్టరమ్మ పోయిందని మొన్న పొద్దున మా మరిది ఫోన్ చేసి చెప్పాడు. వింటూనే నా చూపు బడికి జడ వేసుకుంటున్న మా అమ్మాయి మీదికి పోయింది. ఆ డాక్టరమ్మ ఎవరో దీనికి గుర్తు లేదు. నాకు మాత్రం ఆ రోజు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అప్పుడు దీనికి మూడేళ్లు. మాది కణేకల్ దగ్గర పల్లె. మిద్దె మీద శనక్కాయలు ఎండబోస్తుంటే నా వెనకాలే వచ్చి మెట్ల మీంచి జారిపడింది. రక్తం చుక్క రాలేదు. కాసేపటికి వాంతి చేసుకుని, మగతగా ఒరిగిపోయింది. జీపు మాట్లాడుకుని అనంతపురం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆస్పత్రిలో తలకు స్కానింగ్ తీయాలన్నారు. మిషను మీద పడుకోబెట్టగానే బిడ్డ గింజుకుని అరిచింది. కదలకుండా ఉండాలంటే మత్తు ఇవ్వాల్సిందేనని ఈ డాక్టరమ్మను పిలిచారు.

పొట్టి మనిషి, నలిగిన నూలు చీర. "ఏమన్నా తినిందా?" అంటే అందరం లేదన్నాం. ఆమె నమ్మలేదు. బిడ్డ గౌను మెడ దగ్గర ఎండిన తెల్లటి మరకను గోటితో గీకి చూసి, మా అత్త వైపు తిరిగింది.

"అవ్వా, ఏం పెట్టినావు? నేను తిట్టనులే, చెప్పు."

ఊరి పొలిమేర దాటే బిడ్డను మా వైపు ఉత్త కడుపుతో పంపరు. జీపులో మేం ఏడుపుల్లో ఉంటే మా అత్త ఆ ఆనవాయితీ కాస్తా తీర్చేసింది.

"రెండు ముద్దలు పెరుగన్నం తల్లీ. ఊరు దాటతాండాం కదా అని..."

డాక్టరమ్మ సూదిని ట్రేలో పెట్టేసింది. "మత్తులో ఉన్నప్పుడు కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే బిడ్డ దక్కదు. ఆగుదాం."

మా ఆయన ఊరుకోలేదు. "తలలో రక్తం కారతాంటే ఆగేదేందమ్మా?"

ఆయన అడిగిందీ తప్పు కాదు. ఇస్తే ఒక భయం, ఇవ్వకుంటే ఇంకో భయం.

"నాకూ భయమేనప్పా. భయం లేనోళ్ల చేతికి ఈ సూది ఇయ్యగూడదు. కంటిపాప రవ్వంత మారినా తలలో ఏదో అయినట్టే, ఇంక ఆగను, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా గొంతులో గొట్టం వేసైనా ఇస్తా" అంది.

టార్చి పట్టుకుని పక్కనే కూర్చుంది. మాటిమాటికీ కంటి రెప్పలెత్తి చూసేది, "బుజ్జీ" అని పిలిచేది. బిడ్డ పలకడం కాస్త ఆలస్యమైతే నా ప్రాణం పోయినంత పనయ్యేది. ఎవరో తెచ్చిచ్చిన కాఫీ ఆమె ముందే మీగడ కట్టింది.

పెరుగన్నం అరిగే వేళ దాటి, పొద్దు వాలాక మత్తు ఇచ్చింది. నా చేతుల్లోనే బిడ్డ మెడ వాలిపోయింది. చచ్చిపోయిందనుకున్నాను. అరవబోతుంటే, బిడ్డ ఎద మీంచి చూపు తిప్పకుండానే అంది: "నిద్రపుచ్చేది ఎవరికైనా వస్తాది. లేపి నీ చేతికిచ్చేదే నా పని."

తర్వాత నేనెప్పుడు కనిపించినా, "బుజ్జి ఈ పొద్దు ఏం తినిందమ్మా?" అని ఆటపట్టించేది. నేను నవ్వేదాన్ని, కళ్లలో నీళ్లు తిరిగేవి. మాకు బిడ్డ మిగిలింది ఆమె వల్ల. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

ఆ సాయంత్రం స్కానింగ్ చూసి, తలలో రక్తం లేదన్నారు. అయినా బిడ్డ లేచేదాకా ఆమె కదలలేదు. మా అత్త గోడకు ఆనుకుని, అన్నం పెట్టిన చేతిని కొంగులో దాచుకుని నిలబడి ఉంది. పెరుగన్నం సంగతి బయటపడ్డాక మళ్లీ బిడ్డను తాకలేదు. డాక్టరమ్మ చేయి చాచి ఆమెను దగ్గరికి లాక్కుని, ఆ చేతిని కొంగులోంచి తీసి బిడ్డ ఎద మీద పెట్టింది.

"నీ మనవరాలే కదా అవ్వా. చూడు, ఊపిరి ఆడతాండాది."

బిడ్డ లేచి ఏడవడానికి ఇంకా చాలాసేపు పట్టింది. అంతదాకా ఆ ముసలి చేయి బిడ్డ ఊపిరితో పాటే లేస్తూ, దిగుతూ అక్కడే ఉంది.