ఒడ్డుకు రాని ఓడ

మా ఆయన ముడిచమురు మోసే ఓడలో వంట చేస్తారు. ఆయన్ని చూసి నెలలు గడిచాయి. ఈ రోజు ఆ ఓడ మన విశాఖకే వచ్చింది. కానీ చమురును సముద్రంలోనే గొట్టాల్లోకి దింపేసి వెళ్ళిపోతుంది, మనుషులు దిగడానికి ఉండదు. సాయంత్రం బీచ్‌లో నిలబడి ఫోన్ చేశాను.

"డెక్ మీద ఎర్ర తువ్వాలు ఊపుతన్నాను, కనబడతందేటే?" అన్నారు.

"కనబడతంది," అన్నాను. నిజానికి నాకు ఓడే బొటనవేలంత ఉంది.

"మేం చమురు ఎక్కించుకునే దేశంలో బావుల్లో నూనె తగ్గిపోతందంట. మళ్ళీ ఇటేపు వత్తామో లేదో."

చీకట్లో ఓడ కలిసిపోయేదాకా నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను.

పెట్రోలు ధర చూసి అందరూ తిట్టుకుంటారు. నాకు ధరతో పనిలేదు, మా ఆయన ఓడ మళ్ళీ ఇటు రావడం కోసం ఆ బావులు ఎండకూడదని మొక్కుకుంటున్నాను. ఇంత స్వార్థం మీలో ఇంకెవరికైనా ఉందా?