వడ్ల రోడ్డు మీద రెండు కార్లు

ఆ రోజు ఏ కారు ముందుగా వంద వేగం అందుకుందో మా ఊళ్లో ఇప్పటికీ తేలలేదు. హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్లు రెండు జట్లుగా చీలి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మా అవ్వ వడ్లు ఏమయ్యాయని అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అవ్వ అంటే మా అమ్మే. మా ఇంట్లో కన్నతల్లిని అలాగే పిలుస్తాం.

మా ఊరు మోస్రా దాటి వర్ని వైపు పోయే దారిలో ఉంటుంది. ఒకప్పుడు చెరకు వేసిన పొలాల్లో ఇప్పుడు అంతా వరే. యాసంగి కోతలైతే వడ్లు ఆరబోసుకోవడానికి అందరికీ కల్లాలు ఎక్కడివి? తారురోడ్డులో ఒక సగం బండ్లకు వదిలి, రెండో సగం మీద వడ్లు పోసి, అంచు వెంట రాళ్లు పేరుస్తాం. బస్సు డ్రైవర్లు తిట్టుకుంటూనే తప్పించుకుని పోతారు. నిజామాబాద్‌లో బడి పాఠాలు చెప్పుకునే నేను ఆ ఆదివారం ఊరికి వెళ్లింది అవ్వకు సాయంగానే. ఆమె వడ్లు దాదాపు ఆరాయి. ఇంకొక్క పూట ఎండ తగిలితే మర్నాడు కొనుగోలు కేంద్రంలో కాంటా అయిపోయేవి. తడిస్తే మాత్రం మొలకలొస్తాయి, వాటిని ఎవరూ ముట్టుకోరు. అందుకే పొద్దుటి నుంచీ ఆమె వడ్లను కాళ్లతో తిప్పుతూ, మధ్యమధ్యలో మబ్బు వైపు చూస్తూ ఉంది.

అదే రోజు ఊళ్లో ఒకరింట విందు. ఇద్దరు పెద్దమనుషులు కార్లలో దిగారు. బోధన్ నుంచి వచ్చినాయన రైస్ మిల్లు వాళ్ల కొడుకు. ఆయనది ఎర్రటి స్పోర్ట్స్ కారు. నేలకు ఎంత అణిగి ఉంటుందంటే ఆయన దిగుతుంటే బావిలోంచి పైకొస్తున్నట్టు ఉంటుంది. ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గరా దాన్ని ఆపి, ఏటవాలుగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ బుజ్జగించి దాటించాలి. దారిలో వరికోత మిషన్ ఒకటి దాన్ని దాటేసి పోయిందని మా తమ్ముడే చెప్పాడు, అదీ గొప్పగానే. రెండో ఆయన నిజామాబాద్‌లో ప్లాట్ల వ్యాపారి. ఆయనది నల్లటి సెడాన్, సోఫా సెట్టుకు చక్రాలు బిగించినట్టు ఉంటుంది. రోజూ దాని వెనక సీట్లో కునుకు తీసే మనిషికి అది ఎంత తొందరగా వేగం అందుకుంటే ఏమిటో నాకు అర్థం కాదు. బస్టాండు ముందు ఆటోల వెనక అలాంటి కార్లు పాకే తీరు నేను రోజూ చూస్తాను. సైకిల్ మీద బడికొచ్చే నా విద్యార్థులు వాటిని నవ్వుకుంటూ దాటిపోతారు.

విందులో మటన్ ముక్కలు కొరుకుతూ ఇద్దరూ మాటామాటా అనుకున్నారు. సున్నా నుంచి వందకు మాది ఇన్ని సెకన్లని ఒకరంటే, మాది అంతకన్నా అర సెకను తక్కువని ఇంకొకరు. ఫోన్లు తీసి వీడియోలు చూపించుకున్నారు. చుట్టూ చేరిన మగవాళ్లు అన్నం మానేసి నోళ్లు వెళ్లబెట్టారు. చివరికి తేల్చుకోవాల్సిందే అన్నారు. స్పీడ్‌బ్రేకర్లు లేని తిన్నని రోడ్డు ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. దాని మీద మా అవ్వ వడ్లున్నాయి.

మా తమ్ముడికి ఎవరి దగ్గర పెద్ద కారుంటే వాళ్లే అన్న. మావే కదా, తీసేస్తామని అక్కడే మాటిచ్చేసి, పది మందిని వెంటేసుకొచ్చాడు. అవ్వ కాళ్లతో తిప్పడం ఆపింది.

"పొద్దు గూకనియ్యిర్రి బిడ్డా. గప్పుడు రోడ్డంత మీదే," అంది.

"అన్నలకు టైం లేదే అవ్వా. ఇట్ల తీసి అట్ల పోస్త," అన్నాడు వాడు.

ఇంట్లో తిన్న పళ్లెం తీయని మగవాళ్లు ఆ రోజు రోడ్డు ఊడ్చారు. వడ్లను పక్కన మట్టి మీదికి నెట్టి కుప్ప చేసి, దాని మీద మా టార్పాలిన్ పరదా కప్పారు. నేను అడ్డం పడితే, ఒక్క పది నిమిషాలకు ఇంత రాద్ధాంతమా అక్కా అన్నాడు తమ్ముడు.

రెండు కార్లూ పక్కపక్కన నిలిచాయి. ఎవరో రుమాలు ఊపారు. సెడాన్ చప్పుడు లేకుండా సాగిపోయింది. ఎర్ర కారు మాత్రం బొబ్బలు పెడుతూ ఉన్నచోటే వెనక చక్రాలు తిప్పింది. ఊడ్చినా మిగిలిన వడ్లగింజల మీద టైర్లు జారుతున్నాయి. అది కదిలేసరికి సెడాన్ కాలువ వంతెన దగ్గరికి పోయింది. మిల్లు ఆయన మొహం మాడిపోయింది. తప్పు కారుది కాదు, గింజలదన్నాడు. గింజలు తన చక్రాల కింద కూడా ఉన్నాయన్నాడు కారు తిప్పుకుని వచ్చిన ప్లాట్ల ఆయన. అన్నం పెట్టే గింజ ఆ మిల్లు కొడుక్కు ఆ పూట దోషి అయింది. మళ్లీ ఊడ్వమన్నాడు. తమ్ముడు పరుగున మా ఇంటికెళ్లి ఇంకో చీపురు తెచ్చాడు.

ఆ రెండో ఊడ్పులోనే ఆకాశం నల్లబడింది. చూస్తుండగానే వడగళ్లతో రాళ్లవాన మొదలైంది. ప్లాట్ల ఆయన సెడాన్‌ను తిప్పుకుని విందింటి రేకుల షెడ్డులోకి దూరిపోయాడు. ఎర్ర కారు మళ్లీ బయల్దేరడానికి వెనక్కొచ్చి మా కుప్ప పక్కనే నిలబడి ఉంది. మిల్లు ఆయన లోపల కూర్చుని, అద్దం కొంచెం దించి, ఏదైనా కప్పమని అరిచాడు. తమ్ముడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వడ్ల మీది పరదా లాగి కారు మీద వేశాడు. వాడి జతగాళ్లు తలో కొసా పట్టుకున్నారు.

నేను ఖాళీ సంచులు వెతికి కుప్ప మీద పరుస్తున్నాను. అవ్వ వెళ్లి పరదా కొస పట్టుకుంది.

"వడ్లు నానుతున్నయ్ కొడుకా, ఇటియ్యి," అంది.

"గుంజకు అవ్వా, కారుకు గీతలు పడ్తయ్," అన్నాడు తమ్ముడు.

ఆ గొంతులో కోపం కూడా లేదు. పెద్దమనుషుల ముందు అల్లరి చేస్తున్న చిన్నపిల్లను అదిలించినట్టు అన్నాడు. వాడి మీద నాకు అప్పుడు పుట్టిన అసహ్యం ఇవాళ్టికీ పోలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను, రాళ్ల చప్పుడులో వాడికి వినబడలేదు. అవ్వ కొస వదిలి వెనక్కి వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని, చేతులు రెండూ చాచి, వడ్ల కుప్ప మీద బోర్లా పడుకుంది. ఆమె వీపు మీద రాళ్లు పడుతుంటే, వాడు వంగి, కారు అవతలి వైపు పరదా సరిగ్గా కప్పిందో లేదో చూసుకుంటున్నాడు.