అవ్వ తోమిన రూపాయి

నాణెం మీది రంగు దానంతటదే పట్టిందా, ఎవరైనా పట్టించారా అనేదాంట్లో ఎవరి అభిప్రాయం వాళ్లదని మర్యాదస్తులు అంటారు. నేననను. చాలాసార్లు అది చూస్తే తెలిసే విషయం. తెలిసీ తెలియనట్టు ఊరుకోవడానికి అభిప్రాయమని పేరు పెట్టకూడదు.

వెండి రూపాయి ఏళ్ల తరబడి ఒక కాగితప్పొట్లంలోనో చెక్కపెట్టెలోనో కదలకుండా ఉంటే దానికి రంగు తిరుగుతుంది. నడుమ తేనె రంగు, అంచుకు పోయేకొద్దీ వంకాయ రంగు, చివర నీలం. ఏది ఎక్కడ ఆగిందో వేలు పెట్టి చూపించలేం. నాణేలవాళ్లు దాన్ని టోనింగ్ అంటారు. అది బాగుంటే రూపాయి ధర ఎన్నో రెట్లు పెరుగుతుంది. కనుక ఆ రంగును తయారు చేసేవాళ్లూ ఉంటారు.

ఎలా తయారవుతుందో నాకు చెప్పింది మా ఊరి పాత బజారు నగర్తపేటలో వెండి పని చేసే ఒక పెద్దాయన. ఆయన తాత కాలంలోనే అనంతపురం వైపు నుంచి వచ్చేసిన కుటుంబం. పత్రికలో డెస్కు పని నుంచి రిటైరయ్యాక తరచూ ఆయన అంగడికి పోయి కూర్చునేవాణ్ణి. ఒకసారి నేను ఎక్కడో కొని గొప్పగా చూపించిన నీలం రూపాయిని ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వాడు.

"కోడిగుడ్డు వాసన ఉండాదప్పా."

ఉడికించిన గుడ్డు, నాణెం, మూత బిగించిన డబ్బా ఉంటే చాలట. కాస్త వెచ్చగా పెడితే ఒక్క పూటలో నెమలి పింఛం రంగులు వస్తాయట. కావాలంటే ఇంకొకటి చేసిస్తానన్నాడు, గుడ్డు మాత్రం నన్నే తెచ్చుకోమన్నాడు. తర్వాత భూతద్దం చేతికిచ్చి గీతలు చూడమన్నాడు. రంగు పట్టాక పడిన గీత తెల్లగా కనిపిస్తుంది. గీతలోకి కూడా రంగు దిగి ఉందంటే ముందు ఎవరో తోమారని, రంగు ఆ తర్వాత వచ్చిందని అర్థం. "అట్లుంటే రంగు సంగతి అడగొద్దు. ఎప్పుడు తోమినారో అడుగు," అన్నాడు.

కుందలహళ్ళిలో ఒక చిన్న హోటలు మేడ మీద ఆదివారం పొద్దున మేం నాణేలవాళ్లం కలిసేవాళ్లం. ఎక్కువమంది పక్కనే ఉన్న బ్రూక్‌ఫీల్డ్ ఐటీ ఆఫీసులవాళ్లు, అందులో సగం తెలుగువాళ్లు. గుంపును నడిపేది కడప వైపు నుంచి వచ్చిన ఒక మేనేజరు. మాటకారి. అందరి దోసెల బిల్లూ తనే కట్టేవాడు. అందువల్లనో ఏమో ఆయన మాటకు ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు.

ఒక ఆదివారం ఆయన స్వాతంత్ర్యానికి ముందటి వెండి రూపాయి ఒకటి తెచ్చాడు. నీలం, ఊదా, మధ్యలో బంగారు రంగు. గుంపులో కొత్తగా చేరిన కర్నూలు అమ్మాయి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తుంది, దాన్ని కొనాలని ఆశపడింది. ఆమె కొనబోతున్న మొదటి మంచి నాణెం అదే. అది తన అవ్వ పూజపెట్టెలో ఎనభై ఏళ్లు ఉన్నదని, ఎవరి చేయీ తగలని నాణెమని మేనేజరు ఆమెకు చెప్పాడు. అమ్మాయి ఫోను చేతిలోకి తీసుకుని నా వైపు తిరిగింది.

"అంకుల్ ఓకే అంటే ఇప్పుడే ట్రాన్స్‌ఫర్ చేసేస్తా."

"సార్ ఓకే అంటార్లే," అన్నాడు మేనేజరు, నాణెం నా చేతిలో పెడుతూ.

నీలం మచ్చ గీత గీసినట్టు ఆగిపోయింది. రాజు బొమ్మ చెంప మీదా, అక్షరాల సందుల్లోనూ రంగు ఒకే మందాన ఉంది. భూతద్దం పెట్టాను. బొటనవేలు గుండ్రంగా తిరిగినట్టు సన్నటి గీతలు. ప్రతి గీతలోనూ రంగు.

శ్రావణమాసంలో మీ అవ్వగారు పూజ వెండి తోమేవారు కాదా అని అడిగాను. మా అమ్మ వరలక్ష్మీ వ్రతానికి ముందు చింతపండు, విభూతి పెట్టుకుని కూర్చునేది. ఆ పూట ఇంట్లో ఏ వెండీ ఆమె చేతినుంచి తప్పించుకునేది కాదు.

మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఏం మాట్లాడతారు సార్. నల్లబడిన వెండి అమ్మవారి ముందు పెట్టే మనిషా మా అవ్వ? పోయినేడు చనిపోయేదాకా ప్రతి శ్రావణానికీ తన చేత్తోనే తోమేది."

అమ్మాయే మెల్లగా అంది: "మరి ఎవరి చేయీ తగల్లేదన్నారు కదన్నా."

ఆయన నన్ను చేతులు కడుక్కునే చోటికి పిలిచాడు. అందరి ముందూ ఎందుకు, 'డౌట్ ఉంది' అనండి చాలు, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు. ఆయన అడిగిన సాయం చిన్నదేమీ కాదు, నాకు తెలుసు. 'అని తెలుస్తోంది', 'అని సమాచారం' అంటూ ముప్పై ఏళ్లు వార్తలు దిద్దాను. నిజంగా తెలియక కొన్నిసార్లు అలా రాశాను. తెలిసినా పెద్దవాళ్ల నుంచి ఫోను మోగుతుందని భయపడి ఎక్కువసార్లు రాశాను. ఇక్కడ మోగే ఫోను కూడా లేదు. పోతే నా దోసె పోతుంది.

తిరిగి వచ్చి నిలబడే చెప్పాను. "ఇది వేసిన రంగు. అవ్వగారు ఆఖరిసారి తోమిన తర్వాత వేసింది. కొనకమ్మా."

అమ్మాయి ఫోను బ్యాగులో పెట్టేసుకుంది.

సాయంత్రానికి నన్ను వాట్సాప్ గుంపు నుంచి తీసేశారు. వారం తర్వాత ఒక మిత్రుడు రాయబారం తెచ్చాడు. చనిపోయిన పెద్దావిడను అవమానించాను కాబట్టి ఒక్క మాట క్షమాపణ చెబితే మళ్లీ రావచ్చట. చెప్పనని అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. ఆ రూపాయి మీద నిజమైనవంటూ ఉంటే అవి ఆవిడ చేతి గీతలే. వాటిని చూసి, ఉన్నాయని చెప్పింది నేను. రంగు కింద దాచి అమ్మజూసింది మనవడు. ఆవిడకు ఎవరైనా క్షమాపణ చెప్పాల్సి ఉంటే ముందు ఆయన్ను చెప్పమనండి.